సర్వేలో ఆఖరి స్థానం, మూడు రోజుల్లో అయిపోయిన పుస్తకం

1974 మే నెలలో జపాన్ ప్రచురణ సంస్థ షోగాకుకాన్ వాళ్ల బొమ్మల కథల వారపత్రిక ‘షోజో కామిక్’లో ‘థోమా నో షిన్‌జో’ (థోమస్ హృదయం) అనే కొత్త సీరియల్ మొదలైంది. జర్మనీలో మగపిల్లల హాస్టల్ స్కూలు. చలికాలం ఇంకా పోని ఒక ఉదయం థోమస్ అనే కుర్రాడు రైలు పట్టాల మీది వంతెన పైనుంచి పడి చనిపోతాడు. అతను రాసిన ఉత్తరం ఆ తర్వాత తోటి విద్యార్థి యూలి చేతికి వస్తుంది. ఆడపిల్లలు చదివే పత్రికలో కథానాయకి లేదు, ప్రేమజంట లేదు, పేరున్న పాత్ర మొదట్లోనే పోయింది. పాఠకులు పంపే సర్వే కార్డుల్లో దానికి ఆఖరి స్థానం వచ్చింది. ఎడిటర్లు త్వరగా ముగించేయమన్నారు. గీస్తున్నావిడ ఇంకొంచెం గడువు ఇవ్వమని అడిగారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆవిడదే ఇంకో కథ, ‘పో నో ఇచిజోకు’, మొదటి సంపుటిగా వచ్చింది. ‘ఫ్లవర్ కామిక్స్’ అనే కొత్త వరుసలో అదే తొలి పుస్తకం. వేసిన 30,000 కాపీలూ మూడు రోజుల్లో అయిపోయాయి. దాంతో సీరియల్ ఆపే మాట ఆగిపోయింది. ‘థోమా నో షిన్‌జో’ ఆ ఏడాది డిసెంబరు దాకా 33 భాగాలు నడిచి, అనుకున్న చోటే ముగిసింది.

ఆవిడ పేరు హగియో మోతో. జపాన్‌లోనూ మనలాగే ఇంటిపేరు ముందు, హగియో ఇంటిపేరు. ఆవిడ ప్రస్తావన వచ్చినప్పుడల్లా ప్రతిభ, కవిత్వం, సున్నితత్వం అంటూ రాస్తారు. అవన్నీ నిజమే. కానీ ఆ కెరీర్ నిలబడ్డ తీరు తెలియాలంటే పేజీల లెక్క చూడాలి. పత్రిక పేజీలిస్తుంది. ఆ పేజీలు ఎన్నాళ్లుంటాయో సర్వే కార్డు చెబుతుంది. ఆ కార్డుకు ఎదురు చెప్పే బలం పుస్తకం అమ్ముడైతేనే వస్తుంది.

ఆడపిల్లల కామిక్స్‌ను, అంటే షోజో మాంగాను, తొలి రోజుల్లో ఎక్కువగా గీసింది మగవాళ్లే. తెజుకా ఒసాము ‘రిబన్ నో కిషి’ని 1953లో ‘షోజో క్లబ్’లో మొదలుపెట్టారు. చిబా తెత్సుయా, మత్సుమోతో లేజి కూడా మొదట్లో ఆడపిల్లల పత్రికలకు గీశారు. మిజునో హిదెకో, వతనబె మసాకో లాంటి ఆడవాళ్లు కొద్దిమందే. 1954 చివర్లో కొడాన్షా సంస్థ ‘నకయోషి’, 1955లో షూఎయిషా సంస్థ ‘రిబోన్’ వచ్చాయి. రెండూ చిన్నపిల్లల నెలపత్రికలు. 1962 చివర్లో ‘షోజో ఫ్రెండ్’, 1963లో ‘మార్గరెట్’ వారపత్రికలుగా దిగడంతో వారం వారం సంచిక నింపడానికి ఉన్న చేతులు చాల్లేదు. పోటీలు పెట్టి, చదివే అమ్మాయిల్లోంచే గీసేవాళ్లను ఏరుకున్నారు. సతోనకా మచికో 1964లో పదహారేళ్ల వయసులో కొడాన్షా కొత్తవాళ్ల బహుమతి గెలిచి వచ్చింది ఆ దారిలోనే.

అచ్చు పత్రికల్లోకి రావడానికి పాతకాలం నుంచి ఉన్న దారులు రెండు. పోటీకి పంపడం ఒకటి, పేజీలు పట్టుకుని నేరుగా సంపాదకవర్గం దగ్గరికి పోవడం రెండోది. రెండోదాన్ని ‘మోచికోమి’ అంటారు. ముందు ఫోన్ చేసి సమయం తీసుకోవాలి. ఖాళీగా ఉన్న ఎడిటరెవరో వచ్చి, మీరు నెలల తరబడి గీసిన 32 పేజీల్ని మీ కళ్ల ముందే నాలుగైదు నిమిషాల్లో తిరగేస్తారు. నచ్చితే విజిటింగ్ కార్డు ఇస్తారు. ఆ కార్డు ఇచ్చిన మనిషే అప్పట్నుంచి మీ ‘తాన్‌తో’, అంటే మీ బాధ్యత చూసే ఎడిటర్. అక్కడ తిరిగొచ్చే పేజీల్లో తప్పులు తరచూ అవే ఉంటాయి: జుట్టు తీసేస్తే ఎవరెవరో తెలియని ఒకే మొహాలు, మొదటి నాలుగు పేజీల్లోనే ఆరుగురి పరిచయం, కత్తిరింపులో పోయే అంచు దాకా రాసిన మాటలు, లెక్కకు కుదరని పేజీల సంఖ్య.

హగియో 1949 మే 12న ఫుకువోకా ప్రిఫెక్చర్‌లోని ఒముతాలో, బొగ్గుగనుల ఊళ్లో పుట్టారు. అమ్మానాన్నలకు మాంగా అంటే పడదు. తెజుకా ‘షిన్‌సెన్‌గుమి’ చదివాక ఇదే పని అని నిర్ణయించుకున్నారు. డిజైన్ స్కూల్లో చదువుతూనే పేజీలు పంపుతూ వచ్చి, 1969లో ‘నకయోషి’లో ‘రురు తో మిమి’తో అచ్చులోకి వచ్చారు. ఆ తర్వాత పంపినవి వరసగా తిరిగొచ్చాయి. ‘నకయోషి’ తెరిచేది పదేళ్లకు అటూ ఇటూ ఉన్న పిల్లలు. వాళ్లకు కావలసింది గట్టి ఉత్సాహమున్న అమ్మాయి, నవ్వు, చివర్లో తీపి. ఆవిడ పంపేవి చావు, పిల్లల ఒంటరితనం, పెద్దల క్రూరత్వం గురించి. బొమ్మల్లో లోపం లేదు, పత్రిక సరైనది కాదు. కొత్తవాళ్లు ఇప్పటికీ ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే. పంపే ముందు ఆ పత్రికవి ఓ అరడజను సంచికలు ముందేసుకుని, అందులో కథానాయకి వయసెంత, ఏ తరగతి, కథ ఎన్ని పేజీలు, ఎలా ముగుస్తోందో రాసుకుంటే సగం తిరస్కరణలు తప్పుతాయి.

దారి చూపింది తోటి చిత్రకారిణి తకెమియా కేకో. ఆమె ద్వారా షోగాకుకాన్ ఎడిటర్ యామామోతో జున్యా పరిచయమయ్యారు. కొడాన్షా వద్దన్న కథల్ని ఆయన తీసుకున్నారు. ఇందులో గుణగ్రహణ ఎంత ఉందో అవసరమూ అంతే ఉంది. ‘షోజో కామిక్’ 1968లో, దాని అనుబంధ నెలపత్రిక ‘బెస్సత్సు షోజో కామిక్’ 1970లో పుట్టాయి. పోటీ పత్రికల దగ్గరున్న పేరున్న చేతులు వీళ్ల దగ్గర లేవు, నింపాల్సిన పేజీలు మాత్రం ఉన్నాయి. అలాంటి చోట కొత్తమనిషికి దొరికే వెసులుబాటు స్థిరపడ్డ పత్రికలో దొరకదు.

1970 నుంచి 1973 దాకా హగియో, తకెమియా తోక్యోలో నెరిమా వార్డు ఓయిజుమిలో ఒక పాత రెండంతస్తుల వరసింట్లో కలిసి ఉన్నారు. ఎదురిల్లు మసుయామా నోరియెది. ఆవిడ గీయలేదు గానీ సినిమాలు, యూరప్ నవలలు, సంగీతం వీళ్లకు ఎక్కించింది ఆవిడే. వచ్చిపోయేవాళ్లు ఒకరి గడువుకు ఇంకొకరు నలుపు నింపిపెట్టేవాళ్లు. ఈ తరాన్నే తర్వాత ‘24వ ఏటి గుంపు’ అన్నారు, జపాన్ చక్రవర్తి పాలనాకాలపు లెక్కలో షోవా 24 అంటే 1949 కనుక. ఓషిమా యుమికో, యామాగిషి రియోకో లాంటివాళ్లు పుట్టింది 1947లో. పేరు సుమారు లెక్కే. ఆ ఇంటి గురించి బయట బంగారు కథలు చాలానే అల్లారు. 2021లో హగియో తనే పుస్తకం రాసి, ఆ కాలం తనకు అంత తీపిగా ముగియలేదని, ఇక అడగొద్దని తేల్చేశారు. అది అక్కడితో వదిలేయడమే మర్యాద.

‘పో నో ఇచిజోకు’ను ఆవిడ మొదటే పొడుగు సీరియల్‌గా అనుకున్నారు. కొత్తవాళ్లు చిన్న కథలు గీసి నిలదొక్కుకోవాలన్నది యామామోతో అభిప్రాయం. అందుకని దాన్ని ముక్కలు చేశారు. 1972 మార్చి సంచికలో వచ్చిన తొలి ముక్క 16 పేజీలు. ఒక కుర్రాడు పొరుగింట్లో ఒకమ్మాయిని చూస్తాడు. ముప్పై ఏళ్ల తర్వాత ఆ అమ్మాయి అదే వయసులో మళ్లీ కనబడుతుంది. అంతే. రక్తపిపాసుల వంశం, పద్నాలుగేళ్ల దగ్గర ఆగిపోయిన ఎడ్గర్, ఇవన్నీ తర్వాతి ముక్కల్లో మెల్లగా బయటపడతాయి. కథ పద్దెనిమిదో శతాబ్దం నుంచి ఇరవయ్యో శతాబ్దం దాకా ముందుకీ వెనక్కీ దూకుతుంది. ఏ ముక్కకా ముక్క విడిగా చదువుకోవచ్చు, అన్నీ కలిపితే ఒక వంశచరిత్ర. సీరియల్ హామీ లేని మనిషికి ఇంతకన్నా తెలివైన కట్టడం నాకు తోచదు. ఏ ముక్క దగ్గర ఆపేయమన్నా కథ తెగిపోయినట్టు ఉండదు. సాగనిస్తే ఎంత దూరమైనా పోతుంది, ఎందుకంటే పాత్రలకు వయసు రాదు.

పేజీల సంఖ్య ఎందుకంత ముఖ్యమో చెప్పాలంటే అచ్చు సంగతి కొంచెం చెప్పాలి. పత్రిక తయారయ్యేది మడతపెట్టిన పెద్ద కాగితాలతో; ఒక మడతలో 16 లేదా 32 పేజీలు. కథల కొలతలు 16, 24, 32 దగ్గర ఆడుతుండటానికి మూలం అది. జపాన్ పుస్తకం కుడివైపు కుట్టి ఉంటుంది, చదవడం కుడి నుంచి ఎడమకి. కథ ఎడమ పేజీలో మొదలైతే 2, 3 ఎదురెదురుగా, 4, 5 ఎదురెదురుగా ఇలా పోతాయి. సరిసంఖ్యలు కుడివైపు, బేసిసంఖ్యలు ఎడమవైపు. చదివేవాళ్లు కాగితం తిప్పేది ప్రతి బేసి పేజీ చివర. దీన్ని ‘మేకురి’ అంటారు. ప్రశ్న, అడుగుల చప్పుడు, తలుపు మీద చెయ్యి, ఇవి బేసి పేజీ ఆఖరి గడిలో, అంటే ఆఖరి బొమ్మ చట్రంలో, పడాలి. జవాబు సరి పేజీ మొదటి గడిలో. ఒక్క పేజీ అటూ ఇటూ అయినా, కనబడకూడని మొహం పక్క పేజీలో ముందే కనబడిపోతుంది. చదివే కన్ను రెండు పేజీల్నీ ఒకేసారి చూస్తుంది కదా. 16 పేజీల కథలో ఇంకో సౌకర్యం ఉంది. 15 తిప్పాక వచ్చే 16వ పేజీకి కథలో జంట లేదు. ముగింపు ఒంటరిగా నిలబడుతుంది.

ఈ లెక్కంతా తేలేది ‘నేము’లో. అచ్చు పనివాళ్ల భాషలో గడుల్లో పడే మాటల్ని నేము అనేవాళ్లు. ఆ పేరే మొత్తం కచ్చా చిత్తుకు స్థిరపడింది. మామూలు కాగితాన్ని మధ్యకు మడిచి, రెండు పేజీలు పక్కపక్కనే వచ్చేట్టు, గడులు, మాటలు, బొమ్మకు బదులు గుండ్రటి తల. ఎడిటర్ చదివి మార్చమనేది ఇక్కడే. ఒక పేజీ ఎక్కువైతే ఇక్కడ పది నిమిషాల పని, ఇంకు పడ్డాక రెండు రోజుల పని. నెలకు 32 పేజీలైతే నేముకు ఒక వారం, పెన్సిలుకు ఒక వారం, ఇంకుకు పది రోజులు, నలుపు నింపడానికి, తెల్ల దిద్దుబాట్లకు, చుక్కల పొర అంటించే టోన్ పనికి మిగిలినవి. నేము రెండుసార్లు తిరిగొస్తే కోత పడేది నిద్రలోనే.

తర్వాత కాగితం. పత్రికలకు గీసే మాంగా కాగితం బీ4, అంటే 257 × 364 మిల్లీమీటర్లు. దాని మీద లేత నీలం గీతలుంటాయి, అచ్చులో అవి కనబడవు. లోపలి చట్రం 180 × 270; మాటలు, మొహాలు దాని లోపలే ఉండాలి. కత్తిరింపు గీత 220 × 310. అంచు దాకా పోయే బొమ్మను ఆ గీత దగ్గర ఆపితే అచ్చులో తెల్ల చీలిక కనబడుతుంది. కనీసం ఐదు మిల్లీమీటర్లు దాటించి గీయాలి. వెన్నువైపు మాటలు పెడితే పత్రిక లావుకు లోపలికి మింగుడుపడిపోతాయి.

పెన్సిలు పూర్తయ్యాక ఇంకు. మొహాల అంచులకు, బట్టలకు జీ-పెన్. నొక్కితే లావు, వదిలితే సన్నం. కనురెప్పలు, జుట్టు పోగులు, దూరపు చెట్లకు ‘మారుపెన్’, గొట్టంలాంటి సన్నటి పాళీ. గీత ఒకే మందంలో కావాలనుకునేవాళ్లు ‘కబురా’ పాళీ వాడతారు. కొత్త పాళీకి నూనె పూత ఉంటుంది. తుడవకుండా ముంచితే ఇంకు బొట్లుబొట్లుగా విడిపోతుంది.

వరస తప్పితే పని పాడవుతుంది. ముందు ఇంకు, అది పూర్తిగా ఆరాక రబ్బరు, రబ్బరు తర్వాతే నలుపు నింపడం. నలుపు ముందే నింపి తర్వాత రబ్బరు రుద్దితే నలుపు బూడిదరంగుకు దిగుతుంది, ప్లేటు తీసేటప్పుడు మచ్చలు పడతాయి. నలుపు తర్వాత తెల్ల పోస్టర్ రంగుతో దిద్దుబాట్లు, కంటిపాపలో మెరుపులు. అన్నిటికన్నా ఆఖరున టోన్. తెలుపు తడిగా ఉండగా టోన్ అంటిస్తే అక్కడ బుడగ లేస్తుంది.

టోన్ అంటే చుక్కలు అచ్చైన జిగురు పొర. కావలసినంత కోసి, అంటించి, అరగదీస్తారు. చుక్కల సాంద్రతను అంగుళానికి ఇన్ని వరసలని చెబుతారు. 60 వరసలది ఎక్కువ వాడకం. పత్రిక బీ5 సైజు కనుక బొమ్మ సుమారు 83 శాతానికి తగ్గుతుంది, 60 వరసలు 72 అవుతాయి. పత్రిక గరుకు కాగితం కూడా దాన్ని మోస్తుంది. అదే పేజీ చేతిలో ఇమిడే చిన్న సంపుటిలో దాదాపు 51 శాతానికి దిగుతుంది. 60 వరసలు 117 దాకా పోతాయి. అక్కడ లేత టోన్ కొన్నిచోట్ల ఎగిరిపోతుంది, ముదురుది ఒకటే నల్ల మచ్చ అవుతుంది. 0.1 మిల్లీమీటర్ల కనురెప్ప గీత 0.05 అయి తెగుతుంది. పెద్ద కాగితం మీద ఎంత అందంగా ఉందో చూసి మురిసిపోకుండా, సగానికి తగ్గించిన జిరాక్స్ తీసి చూడాలి. రెండు రకాల వరసల టోన్‌లు ఒకదాని మీద ఒకటి వేస్తే అలలలాంటి డాగులు పడతాయి. ఒకే వరస, ఒకే కోణం, చుక్క మాత్రం కొంచెం జరిపి అంటించాలి.

1970ల నాటి హగియో పేజీల్లో టోన్ కన్నా పెన్ను పనే ఎక్కువ. ‘కకెఅమి’ అని ఒకటుంది: ఐదారు పొట్టి గీతల కట్ట, దాని పక్కనే కోణం తిప్పి ఇంకో కట్ట, అలా చాపలా అల్లుకుంటూ పోవడం. ఒక పొర వేస్తే సంధ్యవెలుగు, అడ్డంగా రెండోది వేస్తే మసక, మూడు నాలుగు పొరలైతే భయం. ఇందులో తప్పు గీత వంకర వల్ల రాదు. కట్టల అంచులు సరిగ్గా ఒకదానికొకటి తగిలి గళ్లబట్టలా కనబడటం వల్ల వస్తుంది. అంచు గీతల్ని కొంచెం పొట్టిగా, తేలిగ్గా వదలాలి.

షోజో మాంగా పేజీని మిగతావాటి నుంచి విడదీసేది కళ్లలో నక్షత్రాలు కాదు, గడుల అమరిక. మామూలు పద్ధతిలో పక్కపక్క గడుల మధ్య సందు సన్నం, సుమారు మూడు మిల్లీమీటర్లు. పైకిందల మధ్య వెడల్పు, ఆరేడు. కన్ను ముందు పక్కకి, తర్వాత కిందికి పోవడానికి అదే గుర్తు. షోజో చిత్రకారిణులు ఈ గోడల్ని కూల్చారు. ఒక మనిషి నిలువెత్తు బొమ్మ మూడు గడుల్ని దాటి నిలబడుతుంది. గడి అంచు ఒకవైపు చెరిగిపోతుంది. మాట చుట్టూ గీసే బుడగ లేకుండానే మాటలు తెల్ల ఖాళీలో తేలుతుంటాయి. అవి ఎవరూ పైకి అనని మాటలు. ‘థోమా నో షిన్‌జో’లో కథ నడిచేది సగం ఆ తేలే మాటల్లోనే. ఇది చూసి ఎవరైనా గోడలు తీసేయొచ్చు. తీశాక ఏది ముందు చదవాలో కన్నుకు తెలియకపోవడమే సమస్య. అందుకే గోడ లేని చోట దారి చూపించే పని వేరే దేనికో ఇవ్వాలి: పాత్ర చూపు ఎటుందో అటు తర్వాతి మాట, జుట్టు ఎగిరిన దిక్కున తర్వాతి మొహం, పైకుడి నుంచి కిందెడమకు జారే ఆకులు. పేజీ తలకిందులు చేసి చూస్తే నల్లటి భాగాలు ఒక మెట్ల వరసలా కనబడాలి. కనబడకపోతే మళ్లీ నేముకే వెళ్లాలి.

ఈ పనితనం మొత్తం చిన్న చోట చూడాలంటే 1984లో ‘పుచి ఫ్లవర్’లో వచ్చిన ‘హన్‌షిన్’ చాలు. పదహారే పేజీలు. నడుము దగ్గర అతుక్కుని పుట్టిన కవల అక్కచెల్లెళ్లు. కథ చెప్పే యూజీకి తెలివి ఉంది, ఒళ్లు లేదు. ఎండిపోయిన మొహం, పలచటి జుట్టు. రెండో పిల్ల యూసీకి మాట కూడా సరిగా రాదు, కానీ దేవకన్యలా ఉంటుంది. యూజీ ఒంటి బలమంతా తీసుకునేది ఆమే. చూసినవాళ్లంతా యూసీనే ముద్దుచేస్తారు, మోసేది యూజీ. పదమూడేళ్లప్పుడు డాక్టర్లు వేరుచేస్తామంటారు. చేయకపోతే ఇద్దరూ పోతారు, చేస్తే యూసీ బతకదు. యూజీ ఒప్పుకుంటుంది. ఆపరేషన్ తర్వాత వెళ్లి చూస్తే మంచం మీద ఉన్నది ఎండిపోయిన మొహం, పలచటి జుట్టు: తన పాత రూపం. తనకేమో ఒళ్లు వచ్చి, అద్దంలో యూసీ కనబడుతుంది. చనిపోయింది ఎవరు, మిగిలింది ఎవరు?

ఇందులో మొహాలు రెండే. వాటిని తారుమారు చేయడమే కథ. పాఠకురాలు మొదట్లోనే ఆ రెండు మొహాల్నీ కంఠతా పట్టకపోతే చివర ఏమీ జరగదు. అందుకే జుట్టు, బుగ్గ, మెడ, ఈ మూడింట్లోనే తేడా పెట్టి మళ్లీ మళ్లీ పక్కపక్కనే చూపిస్తారు. వేరే ఊరు, స్కూలు, స్నేహితులు, ఉపకథ ఏవీ లేవు. పెద్ద విషయానికి ఎక్కువ పేజీలు కావాలనుకునేవాళ్లు దీన్ని గడి గడిగా నకలు తీసుకుని, ఒక్కో గడి ఏం పని చేస్తోందో పక్కన రాసి చూడాలి. రెండేళ్లకు నోదా హిదెకి దీన్ని నాటకంగా రంగస్థలం మీదికి తెచ్చారు.

డబ్బు సంగతి కూడా చూడాలి. పత్రిక ఇచ్చేది పేజీకి ఇంత అని. అందులోంచే అసిస్టెంట్ల జీతం, టోన్‌లు, కాగితం. నెలకు గీయగలిగే పేజీలకు హద్దు ఉంది కనుక ఆ ఆదాయానికీ హద్దు ఉంది. సంపుటికి రాయల్టీ మామూలుగా వెల మీద పది శాతం. ఇప్పటి లెక్కలో 500 యెన్‌ల పుస్తకం అనుకుంటే కాపీకి 50. 30,000 కాపీలకు 15 లక్షల యెన్‌లు, కొత్తగా ఒక్క గీత గీయకుండా. పునర్ముద్రణ పడ్డప్పుడల్లా మళ్లీ. ఎడిటర్ దృష్టిలోనూ ఇదే లెక్క. సర్వే కార్డు ఈ వారం ఎవరికి ఏది నచ్చిందో చెబుతుంది. డబ్బు పెట్టి కొని దాచుకునేవాళ్లు ఎందరో పుస్తకమే చెబుతుంది. ఈ రెండు గుంపులూ ఒకటి కావు. 1974లో షోగాకుకాన్‌లో అర్థమైంది అదే.

1976లో ‘పో నో ఇచిజోకు’, ‘11-నిన్ ఇరు!’ రెంటికీ కలిపి షోగాకుకాన్ మాంగా బహుమతి వచ్చింది. రెండోది అంతరిక్ష నౌకలో ప్రవేశ పరీక్ష కథ: పదిమంది ఉండాల్సిన జట్టులో పదకొండుగురున్నారు. అక్కణ్నుంచి ఆవిడ ఒక్క పత్రికకు కట్టుబడి ఉండలేదు. అబ్బాయిల వారపత్రిక ‘షోనెన్ చాంపియన్’లో గీశారు, సైన్స్ ఫిక్షన్ సాహిత్య పత్రికలో గీశారు. సైన్స్ ఫిక్షన్ పాఠకులిచ్చే సెయిఉన్ బహుమతి మూడుసార్లు, 1980, 1983, 1985లలో. 1980లో షోగాకుకాన్ ‘పుచి ఫ్లవర్’ పెట్టింది. అంతకుముందు ‘షోజో కామిక్’ చదివిన పిల్లలు అప్పటికి పెద్దవాళ్లయ్యారు. పాఠకులతో పాటు పత్రిక మారడం ఈ రంగంలో పెద్ద విషయం. పదిహేనేళ్ల పిల్లలకు గీయడం మొదలుపెట్టి, నలభై ఏళ్లొచ్చినా అదే స్కూలు ప్రేమల్ని గీస్తూ అలిసిపోయినవాళ్లు ఎందరో.

ఆ పత్రికలోనే 1992లో ‘ఇగువానా నో ముసుమె’ వచ్చింది. కన్నకూతురు తల్లి కంటికి ఉడుములాంటి ఇగువానాగా కనబడుతుంది. కూతురు కూడా అద్దంలో అదే చూసుకుంటుంది, మిగతా లోకానికి ఆమె మామూలు అందమైన అమ్మాయి. తల్లితో తన పేచీల్లోంచే ఇది పుట్టిందని హగియోయే చెప్పారు. మనుషుల్ని గీస్తే నోరు రాని విషయం బల్లి మొహం పెడితే వచ్చింది. బొమ్మలోని కిటుకు చూడండి: ఇగువానాకి గౌను వేసి, మిగతావాళ్లెవరూ ఆశ్చర్యపోకుండా గీస్తే చాలు, ఎవరి కళ్లతో చూస్తున్నామో వివరించే పని లేదు. 1996లో ఇది టీవీ ధారావాహికగా వచ్చింది. అదే 1992లో మొదలైన ‘జన్‌కొకునా కామి గా షిహైసురు’ 2001 దాకా సాగి 17 సంపుటాలైంది. సవతి తండ్రి చేతిలో లైంగిక హింసకు గురైన కుర్రాడి కథ. ‘రక్తపిపాసుల కథలు గీసే ఆవిడ’ అనే ముద్ర దీంతో పోయింది. 1997లో తెజుకా ఒసాము సాంస్కృతిక పురస్కారం తొలిసారి ఇచ్చినప్పుడే దీనికి ప్రతిభా పురస్కారం దక్కింది.

‘పుచి ఫ్లవర్’ 2002లో ఆగి, దాని చోట ‘ఫ్లవర్స్’ వచ్చింది. 2016 జులై సంచికలో, నలభై ఏళ్ల తర్వాత, ఎడ్గర్ మళ్లీ కనబడ్డాడు. ఆ సంచిక వెంటనే అయిపోయింది, నెలపత్రికను మళ్లీ అచ్చువేశారు. పత్రికకు పునర్ముద్రణ అంటే మామూలు మాట కాదు. అయితే పాత ఎడ్గర్‌ను వెతికినవాళ్లు కొంచెం తడబడ్డారు. గీత లావైంది, మొహాలు గట్టిపడ్డాయి, 1972 నాటి దారంలాంటి గీత లేదు. నాకైతే అదే నిజాయితీగా ఉంది. డెబ్భైకి దగ్గరైన చేయి ఇరవైమూడేళ్ల చేతిని నటిస్తే పేజీ మీద వెంటనే దొరికిపోతుంది. జపాన్ ప్రభుత్వం నుంచి 2012లో ఊదారంగు రిబ్బను పతకం, 2019లో ‘సాంస్కృతిక విశిష్ట వ్యక్తి’ గౌరవం, 2022లో అమెరికా కామిక్స్ రంగపు ఐస్నర్ హాల్ ఆఫ్ ఫేమ్ ఒక్కొక్కటే ఆవిడకు వచ్చాయి.

ఇక మిగిలింది ఆ కాగితాల సంగతి. ఎక్కడో బీరువాలో ఉన్న 1970ల నాటి అసలు పేజీలు అచ్చు కోసం తయారైనవి, దాచుకోవడం కోసం కాదు. టోన్ జిగురు పసుపెక్కి కుంచించుకుపోతుంది. వేడికి రెండు పేజీలు అతుక్కుంటాయి. రంగు బొమ్మల్లో రంగు ఇంకులు వెలుగు తగిలితే వెలిసిపోతాయి. ఎర్ర ఛాయ ముందు పోతుంది. దాచేవాళ్లు పేజీకీ పేజీకీ మధ్య ఆమ్లం లేని పలచటి కాగితం పెట్టి, పడుకోబెట్టి, చీకట్లో ఉంచాలి. ప్లాస్టిక్ కవరు టోన్‌ను పట్టుకుంటుంది. ఇదంతా చూసే తకెమియా కేకో 2001 నుంచి క్యోటో సెయికా విశ్వవిద్యాలయంలో ‘గెన్‌గా డాష్’ పేరుతో నకళ్లు చేయించడం మొదలుపెట్టారు. స్కాన్ చేసి, రంగు పేజీ పక్కనే పెట్టి పోల్చి, తెలుపు దిద్దిన చోటు, ఎడిటర్ నీలం పెన్సిలు గుర్తు దాకా కనబడేట్టు అచ్చువేస్తారు. ప్రదర్శనలో గోడకు ఎక్కేది ఆ నకలు, అసలు చీకట్లో ఉంటుంది.

అప్పట్లో మాటలు విడిగా ఫొటో టైప్‌సెట్ చేసి, ముక్కలుగా కోసి, బుడగల్లో జిగురుతో అంటించేవాళ్లు. అన్నిటికన్నా ముందు ఆరిపోయేది ఆ జిగురే. పేజీ ఎత్తగానే చిన్న చిన్న మాటల చీటీలు రాలిపోతాయి. ఏ చీటీ ఏ బుడగదో పట్టుకోవడానికి ఖాళీ బుడగ కిందకి చూడాలి. టైప్‌సెట్టర్ కోసం గీసినావిడ పెన్సిలుతో నిలువుగా రాసిన మాట చాలాచోట్ల ఇంకా అలాగే ఉంటుంది.